భీముడి ఊరి పక్కన సుమో

పోయిన సంచికలో లాకరు తాళాల గురించి రాసినప్పుడు నలుగురైదుగురు సభ్యులు ఫోను చేసి తమ అనుభవాలు చెప్పారు. వారికి కృతజ్ఞతలు. ఈసారి బ్యాంకు సంగతులు కొంచెం పక్కన పెట్టి ఆటల గురించి రాయాలనిపించింది. అందుకు కారణం మన సంఘం ఉగాది ఆటల పోటీలే.

ఆ రోజు నాకు అప్పజెప్పిన పని పేర్లు రాసుకోవడం. పరుగు పందెం, గోనెసంచి పందెం, నిమ్మకాయ చెంచా పందెం అన్నింటికీ పిల్లలు ఎగబడి పేర్లిచ్చారు. పదేళ్ళ బాబు ఒకడు మాత్రం కాఫీ డ్రమ్ము పక్కన కుర్చీలో కూర్చుని కదల్లేదు. కాస్త ఒళ్ళున్న పిల్లవాడు. "నువ్వు పేరివ్వలేదేం నాన్నా?" అని అడిగాను. "నేను పరుగెత్తితే అందరూ నవ్వుతారంకుల్" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. ఇవాళ ఆదివారం అన్నంత మామూలుగా చెప్పాడు. పక్కనే ఉన్న వాళ్ళమ్మగారు, "వాడికి ఆటలు పడవండీ" అని సర్దేశారు. నేనూ తలూపి ఊరుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పదహారేళ్ళ క్రితం చింతామణిలో ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఆ ప్రశ్నకు, మధ్యలో వచ్చే ఆటకు సంబంధం ఉంది. ఆ ఆట పేరు సుమో.

సుమో అనగానే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది టాటా వారి బండి. 1994 లో రోడ్డెక్కిన ఆ బండికి ఆ పేరు పెట్టింది జపాను మల్లులను చూసి కాదు. టాటా సంస్థను నడిపిన సుమంత్ మూల్‌గావ్‌కర్ పేరులోంచి మొదటి అక్షరాలు రెండు తీసి 'సుమో' చేశారు. ఆ తరవాత మన సినిమాల వాళ్ళు ఆ బండ్లను వరసగా గాల్లోకి లేపి లేపి, సుమో అంటే బాంబుదెబ్బకు ఎగిరేదే అన్నంతగా చేశారు. కాబట్టి అసలు సుమో గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

సుమో జపాను వారి మల్లయుద్ధం. గట్టి మట్టి దిమ్మె మీద 4.55 మీటర్ల అడ్డకొలత గల ఒక వలయం ఉంటుంది. అందులో ఇద్దరు ఎదురెదురుగా వంగి, చేతులు నేలకానించి, ఒక్కసారిగా లేచి ఢీకొంటారు. వలయం బయట కాలు పడినా ఓటమే. లోపలే ఉండి అరికాలు తప్ప ఒంట్లో మరేది నేలకు తగిలినా ఓటమే. మోకాలు తగిలినా, వేలి కొస తగిలినా అంతే. మన కుస్తీలోలాగా వెల్లకిలా పడేసి వీపు నేలకు ఆనించనక్కర లేదు. అందుకే చాలా పట్లు కొద్ది క్షణాల్లో తేలిపోతాయి. తోయవచ్చు, అరచేత్తో కొట్టవచ్చు, నడుముకు చుట్టిన గుడ్డ పట్టుకుని ఎత్తి కుదెయ్యవచ్చు. పిడికిలి బిగించి గుద్దకూడదు, జుట్టు పట్టుకోకూడదు.

టీవీలో మనం చూసేది జపానులో వృత్తిగా ఆడే సుమో. అందులో బరువును బట్టి విభజన లేదు. వంద కిలోల వాడు రెండు వందల కిలోల వాడితో తలపడాల్సిందే. ఆడవాళ్ళకు అక్కడ చోటు లేదు సరికదా, ఆ దిమ్మె మీద కాలు పెట్టడానికే వీల్లేదు. 2018 ఏప్రిల్‌లో మైజురు అనే ఊళ్ళో మేయరుగారు దిమ్మె మీద ప్రసంగిస్తూ కుప్పకూలిపోతే, ప్రథమ చికిత్స చెయ్యడానికి ఆడవాళ్ళు పైకి పరుగెత్తారు. ప్రాణం పోసే చేతులను కూడా "కిందికి దిగండి" అని మైకులో చెప్పారు. తరవాత సుమో సంఘం పెద్ద క్షమాపణ చెప్పుకున్నారనుకోండి.

దీనికి వేరుగా ఔత్సాహికుల సుమో ఒకటుంది. అంతర్జాతీయ సమాఖ్య 1992 లో ఏర్పడింది. 2001 నుంచి ఆడవాళ్ళకూ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. ఇక్కడ బరువు తరగతులున్నాయి. ఒలింపిక్స్‌లో చోటు దొరకని ఆటల కోసం 1981 నుంచి నాలుగేళ్ళకోసారి 'వరల్డ్ గేమ్స్' అని జరుపుతున్నారు. వాటిలో సుమో కూడా చేరింది. 2005 లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్, 2009 లో తైవానులోని కావోషియుంగ్, 2013 లో కొలంబియాలోని కాలి, 2017 లో పోలెండులోని వ్రోత్స్‌వాఫ్, 2022 లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరాల్లో సుమో పట్లు జరిగాయి. అక్కడి లెక్క ఇలా ఉండేది: మగవాళ్ళకు 85 కిలోల లోపు, 115 కిలోల లోపు, ఆపైన, ఆడవాళ్ళకు 65 కిలోల లోపు, 80 కిలోల లోపు, ఆపైన. ఇవిగాక బరువుతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఎవరితోనైనా తలపడే తరగతి ఒకటి. బక్కపలచని వాళ్ళకూ, మధ్యరకం వాళ్ళకూ, భారీ వాళ్ళకూ తలొక చోటు పెట్టారన్నమాట.

ఇక చింతామణి సంగతికి వస్తాను. నా సర్వీసులో ఎక్కువ కాలం గడిచింది మూడు ఊళ్ళలో. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి. నేను ఉద్యోగంలో చేరిన 1991 నాటికి ఈ మూడూ కోలారు జిల్లాలో ఉండేవి. 2007 లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. హిందూపురంలో బి.కాం. చదివి కర్ణాటకలో ఉద్యోగమంటే భయపడుతూ వెళ్ళిన నాకు అక్కడ సగానికి సగం ఖాతాదారులు తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచొచ్చింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, మా ఫారాల్లో ఇంగ్లీషు. మూడు నీళ్ళు తాగిన ఊళ్ళు అవి.

చిక్కబళ్ళాపురంలో నేను అద్దెకున్న వీధి చివర ఒక గరిడీ ఉండేది. ఎర్రమట్టి జల్లించి, నూనె, పసుపు కలిపి మెత్తగా చేసిన గుంట. గోడ మీద ఆంజనేయస్వామి పటం. తెల్లవారుజామున కుర్రాళ్ళు దండేలు, బస్కీలు తీస్తూ ఉంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బాగేపల్లి దగ్గర పల్లెలో అప్పు వసూలుకు వెళ్ళినప్పుడు గుడి ముందు నున్నటి గుండురాయి ఒకటి కనిపించింది. దాన్ని భుజం మీదికి ఎత్తినవాడికి ఒకప్పుడు ఊళ్ళో ఎంత మర్యాద జరిగేదో ఒక ముసలాయన అరగంట చెప్పాడు. బాకీ సంగతి మాత్రం చెప్పలేదు.

చింతామణి నుంచి బస్సులో అరగంట వెళితే కైవారం. యోగి నారేయణ తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన ఊరు. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఊళ్ళో భీమలింగేశ్వరుడి గుడి ఉంది. బకాసురుడికి పంపిన బండెడు అన్నం భీముడు వాడి కళ్ళెదుటే కూర్చుని తినేశాడట, రాక్షసుడు వెనక నుంచి వీపు మీద గుద్దుతున్నా లెక్క చెయ్యకుండా. తిండి ముగించి, చెయ్యి కడుక్కుని, అప్పుడు లేచాడట. ఈ కథ చెప్పేటప్పుడు భీముడి తిండినీ, ఒళ్ళునూ చూసి ఎవరూ ఎగతాళి చెయ్యరు. అదే మన ఊరి బలం అన్నట్టు గర్వంగా చెబుతారు.

అంతెందుకు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తి నాయుడుగారిని కలియుగ భీముడని నెత్తిన పెట్టుకున్న జాతి మనది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం ఆడపడుచు. 2000 లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. గుళ్ళోనూ పేపర్లోనూ బలానికి దండం పెడతాం. అదే ఒళ్ళు మనింట్లో పెరిగితే మాత్రం ఏం చేస్తామో చెబుతాను వినండి.

2008 లో చింతామణి శాఖకు మేనేజరుగా వెళ్ళాను. మేమున్న ఇంటి యజమానికి టమోటా మండీ ఉండేది. కింద వాళ్ళు, మేడ మీద మేము. వాళ్ళమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. నన్ను "మామా" అనీ, మా ఆవిడను "అత్తా" అనీ పిలిచేది. ఎత్తుకు ఎత్తు, ఒంటికి ఒళ్ళు. మండీ నుంచి వచ్చిన పదిహేను కిలోల టమోటా బాక్సులు రెండు ఒకటి మీద ఒకటి పెట్టుకుని నవ్వుతూ మెట్లెక్కి వచ్చేది. బళ్ళో ఇనప గుండు విసిరే పోటీలో తాలూకా మొదటిది. బళ్ళో పిల్లలు "డుమ్మీ" అని పిలిచేవాళ్ళు. కన్నడంలో లావు పిల్ల అని. ఇంట్లో వాళ్ళ అవ్వ కంచంలో రెండో ముద్ద పెట్టేటప్పుడు తల్లి వంక చూసేది. తల్లి వద్దన్నట్టు తల తిప్పేది. "రేపు సంబంధాలు చూసేకి వస్తే ఏమి చెప్పేది?" అన్నది ఆవిడ బాధ.

ఇంక నా సంగతి. దాచుకోకుండా రాయాలి కదా. ఆ పిల్ల మెట్లెక్కి వస్తుంటే నేను మా పిల్లలతో, "జరగండర్రా, టాటా సుమో వస్తోంది" అనేవాణ్ణి. హాస్యమే అనుకున్నాను. పిల్ల కూడా నవ్వేది. నవ్వింది కాబట్టి నొచ్చుకోలేదని లెక్క వేసుకున్నాను. బ్యాలెన్సు షీటులో రెండు వైపులా సరిపోతే చాలు, లోపల ఏముందో చూడని ఆడిటరు లెక్క అది.

2009 వర్షాకాలంలో ఒక సాయంత్రం బళ్ళోని డ్రిల్లు మాస్టారు ఒక కన్నడ పేపరు ముక్క తీసుకుని ఆ ఇంటికి వచ్చారు. అందులో హేతల్ దవే అనే ముంబయి అమ్మాయి బొమ్మ. ఆ జులైలోనే కావోషియుంగ్ వరల్డ్ గేమ్స్‌లో సుమో మధ్యరకం బరువు తరగతిలో మన దేశం తరఫున ఆడి అయిదో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడాదే లిమ్కా రికార్డుల పుస్తకం ఆమెను భారతదేశపు తొలి మహిళా సుమో మల్లురాలిగా గుర్తించింది. చిన్నప్పుడు జూడోతో మొదలుపెట్టింది. తనతో తలపడే ఆడపిల్లలు దొరక్క సోదరుడితోనే సాధన చేసింది. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపు లేని ఆట కావడంతో డబ్బిచ్చి పంపేవాళ్ళు లేరు. పోటీలకు వెళ్ళిన ఖర్చు చాలావరకు ఇంటివాళ్ళే భరించుకున్నారు. 2023 లో ఆమె కథ ఆధారంగా 'సుమో దీదీ' అని హిందీ సినిమా కూడా వచ్చింది. కానీ నేను చెబుతున్న ఆ సాయంత్రానికి మాకు తెలిసింది ఆ పేపరు ముక్కలో ఉన్నంతే.

మాస్టారు ఆ ముక్కను తెలుగులో వివరించి, "ఈ పాపకూ శరీరం ఉండాది, బలం ఉండాది. ముందు జూడో నేర్పిస్తాము, బెంగుళూరులో క్రీడల హాస్టలుకు రాసి చూస్తాము" అన్నారు. తండ్రి ఏమీ తేల్చుకోలేక మరునాడు బ్యాంకుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చదువుకున్నవాణ్ణని, ఆఫీసర్నని నా మీద అంత గురి.

"ఏం సార్, ఈ ఆట ఆడితే గౌర్మెంటు ఉద్యోగం ఏమన్నా వచ్చేదుండాదా?"

నేను వెంటనే లేచి ఫైలు తీశాను. ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగాలకు ఏ ఏ ఆటలు పనికొస్తాయో చెప్పే సర్క్యులరు అందులో ఉంది. జాబితా పైనుంచి కిందిదాకా చూశాను. సుమో లేదు. "లేదండీ, దీనికి గుర్తింపు లేదు. సర్టిఫికెట్టు తెచ్చుకున్నా కాగితానికి విలువ ఉండదు" అని చెప్పి పంపించేశాను. చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. పేపరు ముక్క నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది. "మామా, ఆ ఆటకాడ నవ్వరా?" అని అడిగింది.

"నవ్వితే నీకేం, నవ్వకపోతే నీకేం? దాంతో ఉద్యోగం రాదు. ముందు పది పాసవ్వు" అన్నాను. తల నిమిరి మరీ చెప్పాను.

ఆ తరవాత ఆ అమ్మాయి గుండు విసరడం కూడా మానేసింది. మాస్టారు రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు. ఆ ఇనప గుండు వంటింట్లో ఊరగాయ జాడీ మూత మీద బరువుగా చేరింది. 2011 లో నాకు బదిలీ అయింది. సామాను లారీకెక్కించేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

చాలా ఏళ్ళ తరవాత, 2020 లో కేంద్ర ప్రభుత్వం ఆ కోటా జాబితాలో మరో 20 ఆటలు చేర్చి మొత్తం 63 చేసిందని వార్త చదివాను. మల్లఖంబం వచ్చింది, తాడు లాగుడు పందెం కూడా వచ్చింది. సుమో లేదు. నేను చెప్పింది నిజమేనని ఒక్క క్షణం తృప్తి కలిగింది. జాబితా అంతా చదువుతూ పోతుంటే 'జూడో' దగ్గర కన్ను ఆగింది. జూడో కొత్తగా చేరింది కాదు. అథ్లెటిక్స్ కూడా అంతే. గుండు విసరడం అథ్లెటిక్స్‌లో భాగమే కదా! అంటే 2009 లో ఆ మాస్టారు చెప్పిన దారి, ఆ పిల్ల అప్పటికే నడుస్తున్న దారి, రెండూ నా ఫైల్లో ఉన్న కాగితంలోనే ఉన్నాయి. నేను సుమో అన్న ఒక్క మాట కోసం వెతికి, అది లేదని ఫైలు మూసేశాను. హేతల్ దవే సుమోకు వెళ్ళింది జూడో మీదుగానే అని మాస్టారు చెబుతూనే ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా ఖాతాలు సరిచూసే వాణ్ణి, ఒక పిల్ల ఖాతాలో ఒక వైపు మాత్రమే చదివాను.

పోయిన ఏడాది ఒక పెళ్ళికని చింతామణి వెళ్ళినప్పుడు టమోటా మార్కెట్టుకు వెళ్ళాను. తండ్రి తరవాత మండీ ఆ అమ్మాయే నడుపుతోంది. చెవిలో పెన్సిలు, చేతిలో వేలం చీటీల పుస్తకం, చుట్టూ పదిమంది రైతులు. ఆమె గొంతెత్తితే ఆ వరుసంతా వినాల్సిందే. నన్ను చూడగానే "మామా!" అంటూ వచ్చి, కాఫీ తెప్పించింది. తొమ్మిదేళ్ళ కూతురు బడి సెలవని వచ్చి బాక్సుల మీద కూర్చుని ఉంది. తల్లి పోలికే.

నేనే ఆ పాత సంగతి ఎత్తాను. జూడో సంగతి, నేను చూడక వదిలేసిన జాబితా సంగతి, అన్నీ చెప్పి, "నాదే తప్పమ్మా" అన్నాను. ఆమె చీటీలు సర్దుకుంటూ విన్నది.

"అట్లేమీ లేదు మామా. అయినా నేను అడిగింది ఉద్యోగం గురించి గాదు గదా. ఉద్యోగం మాట మా నాయన అడిగినాడు. నవ్వుతారా లేదా అని నేను అడిగినా. దానికి మీరు ఏమీ చెప్పలేదు" అన్నది.

నిష్ఠూరంగా అనలేదు. నాకే కాఫీ గొంతు దిగలేదు. నేను సుమో బండి అని పిలిచిన మాట ఆమెకు గుర్తుందో లేదో అడిగే ధైర్యం రాలేదు. క్షమించమని మాత్రం అన్నాను. దేనికని ఆమె అడగలేదు. గుర్తుందన్నమాట.

అప్పుడు ఫోను తీసి 2022 బర్మింగ్‌హామ్ సుమో పట్ల వీడియో పెట్టాను. తల్లీకూతుళ్ళిద్దరూ తలలు ఆనించి చూశారు. ఆడవాళ్ళు ఒంటికి అతికిన ఆటబట్టల మీద నడుముగుడ్డ చుట్టుకుని వస్తారు. ఒకరికొకరు వంగి నమస్కరిస్తారు, ఢీకొంటారు, క్షణాల్లో తేలిపోతుంది. ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ మళ్ళీ తమ తమ చోటికి వచ్చి నమస్కరించుకుని వెళతారు. గెలిచానని ఎగరడం, ఓడినవాళ్ళ ముందు పళ్ళికిలించడం ఆ ఆట మర్యాద కాదు. భారీ మనిషి ఒకామె వలయంలోకి నడిచి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

పాప అయిదారు పట్లు చూసి, "అవ్వా, ఇదేందమ్మా, గెలిచినోళ్ళు గూడా నవ్వడం లేదే!" అన్నది.

వాళ్ళమ్మ నా వంక చూసింది. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం.

సుమో ఆడితే బాగుపడతారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒళ్ళు పెరిగితే వచ్చే రోగాల సంగతి డాక్టర్లు చెబుతారు, వినాల్సిందే. నాకూ షుగరుంది. ఆ ఆట కష్టాలు ఆ ఆటకూ ఉన్నాయి. 2025 లో చైనాలోని చెంగ్డూలో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో సుమోకు అసలు చోటే దొరకలేదు. ఒలింపిక్స్‌లో చోటు లేనివాళ్ళ కోసం పెట్టిన పోటీల్లోనే చోటు పోయిందన్నమాట. తాడు లాగుడు మాత్రం నిలిచింది. చోటు అన్నది ఎవరో ఒకరు పట్టుబట్టి ఇస్తూ ఉంటేనే ఉంటుంది, లేకపోతే పోతుంది. బళ్ళో ఆ చోటు ఇవ్వబోయినవారు డ్రిల్లు మాస్టారు. తీసేసినవాణ్ణి నేను. ఆయన చేతిలో పేపరు ముక్క ఉంది, నా చేతిలో సర్క్యులరు ఉంది. మన ఇళ్ళలో సాధారణంగా సర్క్యులరే గెలుస్తుంది.

పరాయి ఊళ్ళలో ఉన్న మన కుటుంబాలకు ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్లలకు బళ్ళో భాష వేరు, ఇంట్లో భాష వేరు. బళ్ళో ఎవరో వెక్కిరిస్తే వాళ్ళ భాషలో తిరిగి జవాబు చెప్పలేక ఇంటికి వస్తారు. ఇంట్లో మనం అదే మాటను తెలుగులో, ముద్దు పేరు చేసి పిలుస్తాం. గున్న ఏనుగనీ, బొండమనీ, లేకపోతే నాలాగా బండి పేరూ. పిల్లలు నవ్వుతారు. మనం ముద్దు చేస్తున్నామన్న మర్యాద కొద్దీ నవ్వుతారు. ఆ నవ్వును అంగీకారం కింద జమ కట్టుకోకండి. తప్పు పద్దు అది. నేను పదహారేళ్ళు మోశాను.

కార్యవర్గానికి నాదొక మనవి. వచ్చే ఉగాది పోటీల్లో తాడు లాగుడు పెట్టండి. పరుగులో వెనకబడే పిల్లలు ఆ తాడు చివర నిలబడితే జట్టు కదలదు. ఆ చివరి మనిషిని చూసే ఎదుటి జట్టు భయపడుతుంది. తాడు ఖర్చు నేను పెట్టుకుంటాను. కాఫీ డ్రమ్ము పక్కన కూర్చున్న ఆ బాబు పేరు ముందుగా నేనే వెళ్ళి అడిగి రాసుకుంటాను. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యను. ఈసారి తలూపి మాత్రం వచ్చెయ్యను.

ఈ వ్యాసం పంపే ముందు చింతామణికి ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. ఆ అమ్మాయికి తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఇంటి సంగతి కదా, ఒప్పుకుంటేనే అచ్చుకు ఇస్తానన్నాను. అంతా విని, "రాసుకోండి మామా. ఒకటే తప్పు. గుండు నీళ్ళ డ్రమ్ము మీద గాదు, ఊరగాయ జాడీ మీద పెట్టిండ్రి" అన్నది. దిద్దాను. "ఇప్పుడు యాడుంది?" అని అడిగాను. పాప తీసుకుని పెరట్లో విసురుతోందట. రెండు పూలకుండీలు పగిలాయట.

వచ్చే సంచికలో మళ్ళీ బ్యాంకు సంగతులతో కలుద్దాం. సెలవు.